సమమైన సంకేతము తెరపై విషమమగుట ఏల?

మైకు సెట్లను అద్దెకిచ్చువారి దుకాణములు రామన్నపేట వంటి మండల కేంద్రములలో తప్పక కానవచ్చును. బతుకమ్మ ఆటలకును, పెండ్లి ఊరేగింపులకును పోయివచ్చిన యాంప్లిఫయరు ఒకటి ‘బేసు పడిపోయినది’ అనియో, ‘ట్రెబుల్ చెవులు చీల్చుచున్నది’ అనియో మరమ్మతు బల్లమీదికి వచ్చినప్పుడు, అనుభవముగల మెకానిక్కు చెవితోనే చాల దూరము పోగలడు. కాని ఏ స్వరమున ఎంత పెరిగినది, ఏ స్వరమున ఎంత తగ్గినది అను లెక్కను చెవి చెప్పజాలదు. ఆ లెక్క తేల్చుటకై అతడు సిగ్నల్ జనరేటరును యాంప్లిఫయరు ఇన్‌పుట్టునకును, ఆసిలోస్కోపును దాని అవుట్‌పుట్టునకును తగిలించి, సెకనుకు 20 కంపనములు మొదలుకొని 20,000 కంపనముల వరకు, ఒకే బలముతో, పౌనఃపున్యమును క్రమముగా పెంచుకొనిపోవు సంకేతమును పంపును. దీనినే స్వీపు అందురు.

తెర ఎడమ వైపున ఒక ఎత్తున మొదలైన తరంగముల పట్టీ కొంత దూరము సమముగ సాగి, నడుమ ఒకచోట మెట్టెక్కినట్లు పెరిగి, అచ్చటినుండి కుడి అంచు వరకు ఆ పెరిగిన ఎత్తుననే పోవుచున్నదనుకొందము. ట్రెబుల్ ఎక్కువైనది, దోషము యాంప్లిఫయరుదే అని తీర్పు చెప్పుటకు ఇది చాలునా? ఆ యాంప్లిఫయరును పూర్తిగ తొలగించి, జనరేటరు తీగను నేరుగ ఆసిలోస్కోపు ప్రోబునకు తగిలించి చూచినను, అదే మెట్టు అదే చోట మరల ప్రత్యక్షమగుట అరుదైన సంగతి కాదు. జనరేటరు పంపుచున్నది సమమైన సంకేతము. నడుమ వలయమేదియు లేదు. అయినను తరంగముల కంపన పరిమితి విషమముగనే యున్నది.

ఈ చిక్కు రామన్నపేట దుకాణమునకే పరిమితమైనది కాదు. ఈ ఊరి స్టేషనులో సికిందరాబాదు రైలెక్కినవాడు పగిడిపల్లి, బీబీనగరు, ఘటకేసరులను దాటి చర్లపల్లి చేరును. ఆ చర్లపల్లి ప్రాంతముననే, 1967లో అణుశక్తి శాఖ ఆధ్వర్యమున స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా మనవారందరు ఈసీఐఎల్ అని పిలుచు సంస్థ కలదు. దానికి ప్రాణము పోసినవారు పశ్చిమ గోదావరి మోగల్లు గ్రామమున జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారు. ట్రాంబేలో 1956లో పనిచేయనారంభించిన అప్సర రియాక్టరుకు నియంత్రణ పరికరములను స్వదేశముననే నిర్మింపజేసిన ఎలక్ట్రానిక్సు బృందమునకు వారే నాయకులు. నేడు ఈసీఐఎల్ చౌరస్తా ప్రక్కనున్న ఏ.ఎస్. రావు నగరు వారి పేరు మీద వెలసినదే. ఐటిఐ చదివి అప్రెంటిస్‌గ ఇట్టి కర్మాగారములలో ప్రవేశించు పల్లె యువకునకు మొదటి దినములలోనే ఎదురగు పరీక్షలలో ఈ విషమమైన స్వీపు ఒకటి. మన సాంకేతిక విద్యలో ఆసిలోస్కోపు మీటలను నేర్పినంత శ్రద్ధగ, ఆ తెరపైని బొమ్మ ఏయే దారులగుండ వచ్చినదో నేర్పుటలేదని నా అభిప్రాయము. జనరేటరు లోపలి నిరోధము, కేబులు, ప్రోబు, ఆసిలోస్కోపు ముఖద్వారము, దాని జ్ఞాపకపు కొట్టు, ఇవన్నియు సంకేతముపై తమ తమ ముద్ర వేసిన పిమ్మటగాని బొమ్మ తెరకు రాదు. కావున వస్తువును కొలుచుటకు ముందు దారిని కొలువవలెను.

తెరపై కనబడునది ఏమి

ఆసిలోస్కోపు హృదయమైన కాథోడ్ కిరణ నాళికను 1897లో జర్మను శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌను నిర్మించెను. ఆయన 1909లో మార్కోనీతో కలిసి నోబెల్ బహుమతి పొందినది తంతిరహిత వార్తా ప్రసారమున చేసిన కృషికేగాని ఈ నాళికకు కాదు; అయినను ప్రపంచములోని ప్రయోగశాలలు ఆయనకు ఎక్కువగ ఋణపడినది ఈ నాళికకే యని చెప్పవచ్చును. నేటి డిజిటల్ ఆసిలోస్కోపులలో ఆ నాళిక లేదు, కాని చిత్రము అదే: నిలువున వోల్టేజి, అడ్డమున కాలము.

స్వీపు చేయునప్పుడు ఈ అడ్డపు కాలమే పౌనఃపున్యమునకు కొలబద్ద యగును. జనరేటరు ఒక సెకనులో 20 నుండి 20,000 హెర్ట్జులకు పోవుచున్నచో, ఆసిలోస్కోపు తెరను సరిగ ఒక సెకను పట్టునట్లు అమర్చి, స్వీపు ఆరంభమైన క్షణమున జనరేటరు ఇచ్చు సింక్ సంకేతముతో తెరను ట్రిగ్గరు చేయవలెను. అప్పుడు వేలకొలది తరంగములు ఒకదానిప్రక్కనొకటి ఇరుకుకొని నిండైన పట్టీవలె కనబడును. ఆ పట్టీ పై అంచును, క్రింది అంచును చూచినయెడల ఏ పౌనఃపున్యమున ఎంత బలమున్నదో తెలియును. పరీక్షింపబడు సంకేతముతోనే ట్రిగ్గరు చేసినచో బొమ్మ నిలువక పరుగెత్తును. ఇది చిన్న విషయమే కాని, సింక్ తీగ తగిలింపనందువలననే ఎన్నియో గంటలు వృథా యగుచుండును.

ప్రోబులోని చిన్న మర

మొదట చెప్పిన మెట్టు సంగతి తేల్చుకొందము. ఆసిలోస్కోపు ముఖద్వారమున సాధారణముగ 10 లక్షల ఓముల నిరోధమును, దానితోపాటు సుమారు 15 నుండి 20 పికోఫారడ్ల కెపాసిటీయు ఉండును. పది రెట్ల ప్రోబు కొనలో 90 లక్షల ఓముల నిరోధమును అమర్చి, సంకేతములో పదవ వంతు మాత్రమే లోపలికి పోవునట్లు చేయుదురు. తక్కువ పౌనఃపున్యములలో ఈ విభజనము నిరోధముల చేతిలో నుండును. ఎక్కువ పౌనఃపున్యములలో అట్లు కాదు. అచ్చట విభజించునవి కెపాసిటర్లు. ఈ రెండు విభజనములును ఒకే నిష్పత్తిలో, అనగా సరిగ పదింట ఒకటిగ ఉండినగాని పట్టీ సమముగ రాదు. ఆ నిష్పత్తిని సరిచూచుటకే ప్రోబు మీద, కొన్నిటిలో కొనయొద్దను, కొన్నిటిలో ప్లగ్గు పెట్టెయొద్దను, చిన్న మర యొకటి కలదు.

ఆ మర తప్పి యున్నచో ఏమగును? నిరోధముల ఏలుబడి ముగిసి కెపాసిటర్ల ఏలుబడి ఆరంభమగు సంధి, సాధారణ ప్రోబులలో, ఒకటి రెండు కిలోహెర్ట్జుల ప్రాంతమున పడును. ఆ సంధికి ఇవతల కొలత సరిగనే యుండును. అవతల ఒకే విధముగ ఎక్కువయో, తక్కువయో యుండును. మెగాహెర్ట్జులలో పనిచేయువాడు ఆ మెట్టును చూడనే చూడడు, ఎందుకనగా అతని స్వీపు అంతయు మెట్టునకు అవతలనే మొదలగును. అతనికి కొలతయంతయు సమముగ తప్పుచుండును, తప్పుచున్నదని మాత్రము తెలియదు. వినికిడి స్వరములతో పనిచేయు మైకు సెట్టు మెకానిక్కునకు మాత్రము ఆ మెట్టు స్వీపు పరిధి లోపలనే, తెరపైననే వచ్చును. బేసు తక్కువ, ట్రెబుల్ ఎక్కువ అను అపనింద యాంప్లిఫయరుపై పడుట ఇట్లు.

నివారణ సులభము. ఆసిలోస్కోపు ముఖము మీదనే ఒక చిన్న కొక్కెము కలదు. దానినుండి 1 కిలోహెర్ట్జు చదరపు తరంగము వచ్చును. ప్రోబును దానికి తగిలించి చూడవలెను. చదరపు తరంగపు మూలలు గుండ్రబడియున్నచో ఎక్కువ పౌనఃపున్యములు తగ్గుచున్నవని అర్థము. మూలలు కొమ్ములవలె పైకి లేచినచో అవి పెరుగుచున్నవని అర్థము. ప్లాస్టికు పనిముట్టుతో మరను మెల్లగ త్రిప్పుచు, పైభాగము బల్లపరుపుగ వచ్చినంతనే నిలుపవలెను. ప్రోబును ఒక ఆసిలోస్కోపునుండి మరియొకదానికి, ఒకే ఆసిలోస్కోపులో ఒక ఛానెలునుండి మరియొకదానికి మార్చిన ప్రతిసారియు ఇది మరల చూచుకొనవలసినదే, ఏలయనగా ఏ రెండు ముఖద్వారముల కెపాసిటీయు సరిగ ఒకటిగ నుండదు.

ప్రోబు భారము

ప్రోబు మీద ఒక రెట్టు, పది రెట్లు అను రెండు స్థానముల మీట యున్నచో, ఒక రెట్టు మీద నుంచినచో బొమ్మ పెద్దదిగ కనబడును గదాయని చాలమంది అదే వాడుదురు. అది పొరపాటు. ఆ స్థానమున ప్రోబు కేబులు కెపాసిటీ యంతయు, ఇంచుమించు 100 పికోఫారడ్లు, పరీక్షింపబడు వలయము మీదనే భారముగ పడును.

కెపాసిటీ భారమనగా ఏమో నల్లగొండ రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు. బోరునుండి సన్నని పైపు ద్వారా సిమెంటు హౌజులోనికి నీరు వచ్చుచున్నది. అదే పైపు ద్వారా మరల వెలికి తీయబడుచున్నది అనుకొందము. గంటసేపు నింపి గంటసేపు తీసినచో హౌజులోని మట్టము నిండుగ పైకెక్కి పూర్తిగ దిగును. నిమిషమునకొకసారి దిశ మార్చినచో మట్టము జానెడు కదలును. క్షణమునకొకసారి మార్చినచో మట్టము కదలినట్లే తోచదు. బోరు బలము తగ్గలేదు, పైపు మారలేదు. దిశ మారు వేగము హెచ్చుటచేతనే మట్టపు కదలిక తగ్గినది. హౌజు ఎంత వెడల్పైనచో, పైపు ఎంత సన్ననిదైనచో, ఈ తగ్గుదల అంత త్వరగ ఆరంభమగును. వలయములోని నిరోధము పైపు. ప్రోబు కెపాసిటీ హౌజు. తెరపై చూచు వోల్టేజి నీటిమట్టము.

లెక్కకు వచ్చినచో, 10 వేల ఓముల నిరోధముగల బిందువున ఒక రెట్టు ప్రోబును తాకించినయెడల, సుమారు 160 కిలోహెర్ట్జుల యొద్దనే సంకేతము మూడింట రెండు వంతులకు కొంచెము పైగ దిగిపోవును. అదే బిందువున 12 పికోఫారడ్ల భారము మాత్రమేగల పది రెట్ల ప్రోబుతో చూచినచో, ఆ తగ్గుదల 1.3 మెగాహెర్ట్జుల వరకు రాదు. వలయము అదే, జనరేటరు అదే. చూచు సాధనము మారుటచే చూడబడునది మారినది. బొమ్మ చిన్నదైనను పది రెట్ల స్థానమే వాడవలెనని పెద్దలు పట్టుబట్టుటకు కారణమిది.

ప్రోబునకు వ్రేలాడు మొసలినోటి క్లిప్పుగల నల్లని గ్రౌండు తీగ యొకటి కలదు. జానెడు పొడవుగల ఆ తీగ ఎక్కువ పౌనఃపున్యములలో ఇండక్టరువలె ప్రవర్తించి, ప్రోబు కొన కెపాసిటీతో కలిసి, సుమారు 100 మెగాహెర్ట్జుల ప్రాంతమున అనునాదము పొందును. పట్టీ అచ్చట మూపురమువలె లేచును. ఆ తీగను తీసివేసి, ప్రోబు కొననున్న లోహపు వలయమునకు చుట్టిన చిన్న స్ప్రింగుతో గ్రౌండు చేసినచో ఆ మూపురము మరింత పైకి, మన స్వీపు పరిధికి ఆవలికి, తరలిపోవును.

కేబులు చివరనుండి తిరిగివచ్చు తరంగము

పది మెగాహెర్ట్జులు దాటిన స్వీపులలో వచ్చు లోయలకు కారణము చాలవరకు కేబులులోనే దొరకును. సాధారణ కోయాక్సియల్ కేబులులో సంకేతము కాంతి వేగములో సుమారు మూడింట రెండు వంతుల వేగముతో పోవును. అనగా మీటరు పొడవు దాటుటకు 5 నానోసెకన్లు పట్టును. తక్కువ పౌనఃపున్యములలో ఈ కాలము లెక్కకు రాదు. కాని 50 మెగాహెర్ట్జుల తరంగము ఒక పూర్తి ఊపు ఊగుటకు పట్టునది 20 నానోసెకన్లే. 5 నానోసెకన్లనగా అందులో నాలుగవ వంతు; దానిని ఉపేక్షింప వీలు లేదు.

కేబులు చివర దానికి తగిన నిరోధము లేనియెడల, అచ్చటికి చేరిన తరంగము వెనుకకు మరలును. ఈ దృశ్యమును చూడుడు: జనరేటరు నుండి వచ్చిన కేబులును టి ఆకారపు బిఎన్‌సి జోడింపుతో ఆసిలోస్కోపునకు తగిలించి, ఆ టి రెండవ చేతినుండి మీటరు పొడవుగల మరియొక కేబులుతో పరీక్షింపవలసిన వలయమునకు సంకేతమును పంపుదురు, వలయము ఇన్‌పుట్టు నిరోధము చాల ఎక్కువ. ప్రయోగశాలలలో ఇంతకంటె సాధారణమైన అమరిక లేదు. టి యొద్దనుండి వలయమువైపు పోయిన తరంగము చివరనుండి మరలి 10 నానోసెకన్ల పిమ్మట టి యొద్దకు తిరిగివచ్చును. 50 మెగాహెర్ట్జుల యొద్ద ఆ 10 నానోసెకన్లు సరిగ సగము ఊపు. కొత్తగ వచ్చు తరంగము పైకెక్కుచున్నప్పుడు తిరిగివచ్చినది క్రిందికి దిగుచుండును; రెండును ఒకదానినొకటి రద్దుచేసికొనును. తెరపై పట్టీ ఇంచుమించు గీతయైపోవును. 25 మెగాహెర్ట్జుల యొద్దనే అది సుమారు 70 శాతమునకు సన్నబడియుండును. 100 యొద్ద మరల నిండును, 150 యొద్ద మరల అణగును. వలయమునకు స్వంత కెపాసిటీ ఉన్నందున ఈ సంఖ్యలు కొంచెము క్రిందికి జరుగును; కాని లోయలు ఈ క్రమముననే పునరావృత్తమగుట చూచినంతనే, ఇది కేబులు పనియని గుర్తింపవచ్చును.

నిర్ధారణకు ఒక్కటే చాలును: రెండవ కేబులును తీసి రెండు మీటర్ల కేబులు పెట్టవలెను. లోయ 50 నుండి 25 మెగాహెర్ట్జులకు దిగివచ్చినచో సందేహమునకు తావు లేదు. నివారణయు తేలికయే. వలయమువైపు చివర 50 ఓముల టెర్మినేటరు బిగించినచో తరంగము అచ్చటనే అణగిపోయి వెనుకకు రాదు.

ఇచ్చట ఆరంభకులను తప్పుదారి పట్టించు సంగతి యొకటి చెప్పవలెను. జనరేటరునుండి ఒకే కేబులు నేరుగ ఆసిలోస్కోపునకు పోవునప్పుడు, చివర టెర్మినేటరు లేకున్నను పట్టీ చాలవరకు సమముగనే వచ్చును. చివరనుండి మరలిన తరంగము జనరేటరు లోపలి 50 ఓములలో అణగిపోవుటయే దానికి కారణము. ‘టెర్మినేటరు లేకున్నను నడచుచున్నది గదా’ అను ధీమాతో టి జోడింపునకు పోయినవాడు, ఆ లోయకు జనరేటరును నిందించును.

మరియొక చిక్కు కలదు. జనరేటరు 1 వోల్టు అని చూపునది, చివర 50 ఓములు ఉన్నవని భావించి. ఆ 50 ఓములు లేకున్నచో తెరపై 2 వోల్టులు వచ్చును. ఇది పట్టీని విషమము చేయదు, రెట్టింపు మాత్రము చేయును. కాని టెర్మినేటరును పెట్టుచు తీయుచు పరీక్షించువానికి సంకేతము సగమునకు పడిపోయినదని భ్రాంతి కలుగును. రెండు చోట్ల రెండు టెర్మినేటర్లు పెట్టినచో ఇంకను తగ్గును. అవి కలిసి 25 ఓములగును. 50 ఓముల ముఖద్వారము ఆసిలోస్కోపులోనే ఉన్నచో దానికి సాధారణముగ 5 వోల్టులకు మించి ఓర్పు లేదు కనుక, యాంప్లిఫయరు అవుట్‌పుట్టును దానికి తగిలింపరాదు.

బాక్సు: 50 ఓములే ఏల?
గాలి నిండిన కోయాక్సియల్ కేబులులో ఎక్కువ శక్తిని పంపుటకు సుమారు 30 ఓములును, తక్కువ నష్టముతో పంపుటకు సుమారు 77 ఓములును అనుకూలము. ఈ రెంటికిని నడుమ కుదిరిన రాజీయే ప్రయోగశాలల 50 ఓములు. శక్తి కంటె నష్టమే ముఖ్యమైన టీవీ సంకేతములకు 75 ఓముల కేబులు వాడుదురు. మన ఊళ్లలో డిష్ యాంటెన్నాలకు వేయు కేబులు ఈ 75 ఓములదే. చేతికి దొరికినది గదాయని దానిని జనరేటరునకు తగిలించినచో, 50 ఓముల టెర్మినేటరు పెట్టినను చివర కొంత తరంగము మరలుచునే యుండును. పట్టీ మీద మెల్లని అలలు లేచుచునే యుండును.

పరికరముపై వ్రాసిన సంఖ్య

100 మెగాహెర్ట్జులని ముద్రించిన ఆసిలోస్కోపు 100 మెగాహెర్ట్జుల వరకు సత్యము చెప్పునని కొనువాడు అనుకొనును. ఆ సంఖ్యకు అర్థము వేరు: అంతటి పౌనఃపున్యముగల సంకేతము తెరపై 70.7 శాతముగ మాత్రమే కనబడునని. ఆ తగ్గుదల అచ్చట అకస్మాత్తుగ రాదు; దానిలో మూడవ వంతు పౌనఃపున్యమునకే సుమారు 5 శాతము తరిగియుండును. కావున కొలువదలచిన పౌనఃపున్యమునకు మూడు నుండి ఐదు రెట్ల సామర్థ్యముగల పరికరము ఉండవలెనని నియమము. ఇవిగాక, 20 మెగాహెర్ట్జుల వడపోత మీట ఎవరో నొక్కి మరచిపోయినచో పట్టీ అచ్చటనే వాలిపోవును. మెనూ తెరచి చూచినంతనే తెలియు ఈ దోషమును పట్టుటకు పూటలు గడచిన సందర్భములు కలవు.

బాక్సు: 70.7 శాతము ఎచ్చటిది?
శక్తి వోల్టేజి వర్గమును అనుసరించును. వోల్టేజి 70.7 శాతమైనప్పుడు శక్తి సరిగ సగమగును. ఎంత తగ్గినచో తగ్గినట్లు అను ప్రశ్నకు ఇంజనీర్లు ఈ సగము శక్తినే గుర్తుగ పెట్టుకొనిరి. ఆడియో యాంప్లిఫయరు పరిధిని చెప్పునప్పుడును ఇదే గుర్తు వాడుకలో నున్నది.

నమూనాలు చాలనియెడల

ఇంతవరకు చెప్పినవన్నియు నిజముగ జరుగునవి: సంకేతము ఎచ్చటనో తగ్గుచున్నది లేక పెరుగుచున్నది. ఇప్పుడు చెప్పబోవునది అట్టిది కాదు. సంకేతము సమముగనే వచ్చి చేరినది. తెర మాత్రము తప్పు చూపుచున్నది.

డిజిటల్ ఆసిలోస్కోపు తరంగమును నిరంతరముగ చూడదు. క్షణక్షణమునకు ఒక నమూనా తీసికొని జ్ఞాపకములో దాచుకొనును. పెట్టెమీద ‘సెకనుకు 100 కోట్ల నమూనాలు’ అని వ్రాసియుండును. ఆ వేగము తెర చాల కొద్ది కాలమును చూపునప్పుడే. స్వీపు కొరకు తెరను ఒక సెకను పట్టునట్లు అమర్చి, జ్ఞాపకములో 10 లక్షల నమూనాలకే చోటున్నచో, ఆ సెకనులో తీసికొనగలిగినవి 10 లక్షలు మాత్రమే. అప్పుడు 5 లక్షల హెర్ట్జులకు మించిన తరంగములను గూర్చి ఆ పరికరము చెప్పునది నమ్మదగినది కాదు. నమూనాల వేగమునకు సగము, మూడవ వంతు, నాలుగవ వంతు పౌనఃపున్యముల యొద్ద నమూనాలు తరంగపు శిఖరములను వరుసగ తప్పుచుపోవుటచే, పట్టీ అంచులలో నొక్కులును, ఉబ్బులును తోచును. సరిగ 10 లక్షల హెర్ట్జుల యొద్ద ప్రతి నమూనాయు ప్రతి తరంగములోని అదే స్థానమున పడుటచే, నిండైన పట్టీ యొక్కసారిగ సన్నని గీతయై మెల్లగ మెలికలు తిరుగును. చూచినవాడు వలయములో ఏదో భయంకరమైన అనునాదమున్నదని తలచును.

దీనిని పట్టుటకు చక్కని ఉపాయము కలదు. స్వీపును ఒక సెకనుకు బదులు పదవ వంతు సెకనులో ముగించి, తెరను అట్లే మార్చవలెను. నమూనాల వేగము పది రెట్లగును. నిజమైన లోయ తన పౌనఃపున్యముననే నిలిచియుండును. నమూనాల లోయ మరియొక పౌనఃపున్యమునకు జరిగిపోవును, లేదా స్వీపు పరిధినే దాటిపోవును. చాల ఆసిలోస్కోపులలో పీక్ డిటెక్ట్ అను మరియొక పద్ధతియు కలదు: పరికరము పూర్తి వేగముతో నమూనాలు తీయుచు, ప్రతి చిన్న విరామములోను అన్నిటికంటె పైదానిని, అన్నిటికంటె క్రిందిదానిని మాత్రమే దాచుకొనును. స్వీపులో మనకు కావలసినవి పట్టీ అంచులే కనుక ఈ పద్ధతి దానికొరకే పుట్టినట్లుండును. స్వీపు చిత్రమును తీయుచు ఈ మీటను వాడనివారిని చూచినప్పుడు నాకు బాధ కలుగును; పరికరము ఇవ్వగలిగినదానిని వారు అడుగుటలేదు.

క్రింది చివర

తక్కువ పౌనఃపున్యములలో రెండే కారణములు చూడవలెను. ఆసిలోస్కోపు ముఖద్వారము ఏసీ స్థానమున నున్నచో, సుమారు 10 హెర్ట్జుల దిగువ సంకేతము తరుగును. డీసీ స్థానమునకు మార్చినంతనే సరియగును. రెండవది మన కరెంటు. బోరు మోటార్ల స్టార్టర్లును, సరిగ ఎర్తు లేని గోడ ప్లగ్గులును గల చోట 50 హెర్ట్జుల హమ్ము కొంచెమైనను సంకేతములో కలియును. స్వీపు 50 హెర్ట్జులకు చేరువగుచుండగ రెండును కలిసి విస్పందనములు పుట్టించుటచే పట్టీ మెల్లగ ఉబ్బుచు తగ్గుచు పోవును. జనరేటరు అవుట్‌పుట్టును ఆపి తెరలో ఏమి మిగిలినదో చూచినయెడల ఆ హమ్ము ఒంటరిగ దొరకును.

తొందరపడిన స్వీపు

రేడియో వలయములలో దోషము వస్తువునందునుగాక, దారియందునుగాక, మన తొందరలో ఉండవచ్చును. ఏఎం రేడియోలలోని 455 కిలోహెర్ట్జుల ఐఎఫ్ (మధ్యమ పౌనఃపున్య) ట్రాన్స్‌ఫార్మరు వంటి అనునాద వలయము తన పౌనఃపున్యమునకు స్పందించుటకు కొంత కాలము కావలెను. ఊపు క్రమముగ పెరిగి పూర్తి ఎత్తునకు చేరవలెను. స్వీపు ఆ చోటును అంతలోనే దాటిపోయినచో శిఖరము పూర్తిగ లేవదు. పైగ అది ఆలస్యముగ లేచుటచే, తెరపై తన స్థానమునకు కొంచెము ఆవల కనబడును. 4 లేక 5 కిలోహెర్ట్జుల వెడల్పుగల వలయమును, 400 నుండి 500 కిలోహెర్ట్జుల వరకు సెకనులో నూరవ వంతులో తుడిచివేసినయెడల ఈ వికారము స్పష్టముగ కనబడును. పూర్తి సెకను తీసికొన్నచో కనబడదు. స్ఫటికములు ఇంకను నిదానమైనవి. పూర్వము రేడియో మెకానిక్కులు వాబ్యులేటరు అను స్వీపు జనరేటరుతో ఐఎఫ్ సరిచేయునప్పుడు స్వీపును పైకొకసారి, క్రిందికొకసారి నడిపి, రెండు శిఖరములును ఒకేచోట పడినగాని నమ్మెడివారు కారు. ఆ పద్ధతి నేటికిని అంతే చెల్లును.

దారిని ముందు కొలుచుట

ఇన్ని కారణములను వరుసగ జ్ఞాపకముంచుకొనుట కష్టమనిపించవచ్చును. పని బల్లమీద చేయవలసినది మాత్రము కొద్దియే. వలయమును తొలగించి, దాని ఇన్‌పుట్టునకు పోవలసిన కొనను, అవుట్‌పుట్టునుండి రావలసిన కొనను నేరుగ కలిపి, ఒకసారి స్వీపు నడిపి ఆ చిత్రమును దాచుకొనవలెను. అది దారి చిత్రము. అందులో మెట్టున్నచో ప్రోబు మరను, లోయలున్నచో కేబులును, కుడివైపు వాలున్నచో వడపోతను, పరికరపు సామర్థ్యమును, స్వీపు కాలము మార్చినంతనే జరిగిపోవు నొక్కులున్నచో నమూనాలను చూడవలెను. రెండు ప్రోబులను తమలో తాము మార్చి చూచుటయు మంచిది; దోషము ప్రోబుతో పోయినచో ప్రోబుదే.

వలయమును మరల చేర్చిన తరువాత, మొదటి ఛానెలును దాని ఇన్‌పుట్టున, రెండవ ఛానెలును దాని అవుట్‌పుట్టున పెట్టి, రెంటి నిష్పత్తినే తీసికొనవలెను. జనరేటరు చూపు సంఖ్యను నమ్మి అవుట్‌పుట్టు నొక్కదానినే కొలుచుట తగదు. వలయపు ఇన్‌పుట్టు భారము పౌనఃపున్యముతో మారును. ఉదాహరణకు 10 ఓములకు దిగిపోవు శ్రేణి అనునాద వలయమొకటి ఉన్నచో, జనరేటరు లోపలి 50 ఓములతో కలిసి, అచ్చట అందునది విడిగ నున్నప్పటి వోల్టేజిలో ఆరవ వంతే. ఇన్‌పుట్టుననే సంకేతము అణగినప్పుడు అవుట్‌పుట్టు అణగుటలో వింతయేమున్నది? నిష్పత్తి తీసికొన్నప్పుడు జనరేటరు హెచ్చుతగ్గులన్నియు రెండు వైపులను సమముగ ఉండి కొట్టుకుపోవును. దారి చిత్రమును కూడ పరిహరించిన పిమ్మట మిగిలిన మెట్టుగాని, లోయగాని, మూపురముగాని ఉన్నచో, అది వలయపు స్వంత ఆస్తి.

మైకు సెట్టు యాంప్లిఫయరు విషయములో అట్లు మిగులునది తరచుగ ఎడమ చివర వాలు; దశల నడుమనున్న కప్లింగు కెపాసిటరు ఎండిపోయి కెపాసిటీ కోల్పోయినచో బేసు ఆ విధముననే జారును, కెపాసిటరు మార్చినంతనే తిరిగి లేచును. రేడియో ఐఎఫ్ విషయములో మిగులునది మూపురము 455 నుండి కొద్దిగ తొలగియుండుట. అప్పుడు ట్రాన్స్‌ఫార్మరు డబ్బాలోని ఫెర్రైటు కోరును త్రిప్పవలసియుండును. దానికి ప్లాస్టికు పనిముట్టునే వాడవలెను. ఇనుప స్క్రూడ్రైవరు కొన కోరునకు చేరువైనంతనే ఇండక్టెన్సు మారి మూపురము ప్రక్కకు జరుగును, తీసినంతనే మరల మరియొకచోటికి పోవును.